ఫ్లైబాల్: పొట్టిదానిదే పెత్తనం

హైదరాబాద్ శివారు బడంగ్‌పేట్ చుట్టుపక్కల రికార్డు అనే మాట ఎక్కువగా వినిపించేది వినాయక నిమజ్జనం రోజున. పక్కనే ఉన్న బాలాపూర్‌లో 1994లో వేలంలో 450 రూపాయలకు పాడిన వినాయకుడి లడ్డూ 2025లో 35 లక్షలు పలికింది. ఇప్పుడు చెప్పబోయే రికార్డులకు లక్షలతో పని లేదు. వాటిని సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. ఆడేవి కుక్కలు. ఆట పేరు ఫ్లైబాల్.

జట్టుకు నాలుగు కుక్కలు. గీత వెనక నుంచి వదలగానే మొదటి కుక్క వరసగా నాలుగు హర్డిల్స్ దూకి, చివరనున్న పెట్టె మీద కాళ్లతో తన్నుతుంది. అందులోని స్ప్రింగు టెన్నిస్ బంతిని బయటికి విసురుతుంది. దాన్ని నోట కరిచి మళ్లీ ఆ నాలుగూ దూకుతూ వెనక్కి రావాలి. అది గీత దాటాకే రెండోది గీత దాటి లోపలికి వెళ్లాలి, తరవాత మూడోది, నాలుగోది. పక్క వరసలో ఇంకో జట్టు అదే సమయంలో పరిగెడుతూ ఉంటుంది. బంతి జారినా, హర్డిల్ తప్పించి పక్కనుంచి వచ్చినా, ముందే గీత దాటినా ఆ కుక్క మళ్లీ పరిగెత్తాల్సిందే. గీత దగ్గర వెళ్లే కుక్క, వచ్చే కుక్క ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా దాటుకుంటాయి. అందులోనే జట్టు పనితనమంతా. ఎవరి కుక్కను ఎంత దూరం నుంచి ఎప్పుడు వదలాలో యజమానులు నెలల తరబడి సాధన చేస్తారు.

గీత నుంచి పెట్టె దాకా 51 అడుగులు. గీత నుంచి మొదటి హర్డిల్‌కు 6, హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 10, ఆఖరి హర్డిల్ నుంచి పెట్టెకు 15. నాదర్‌గుల్ వైపు వెంచర్లలో 200 గజాల ప్లాటు సాధారణంగా 30కి 60. అంటే వరస దాకా ప్లాటులో ఇమిడిపోతుంది. కానీ కుక్క గీత దగ్గరికొచ్చి బ్రేకు వేసుకోదు కదా! గీతకు ఇవతల కూడా పరిగెత్తి ఆగడానికి దాదాపు అంతే స్థలం కావాలి. కాబట్టి ప్లాటు వెనక ప్లాటు కలిపి కొన్నవాళ్లే ఈ ముచ్చట తీర్చుకోగలరు.

బోల్ట్ 30 మీటర్లకు ఎంత తీసుకున్నాడు?

రానూపోనూ కలిపి ఒక్కో కుక్కకు 102 అడుగులు, అంటే 31 మీటర్లు. ప్రపంచ స్థాయి జట్లు నాలుగు కుక్కల పరుగునూ 15 సెకన్ల లోపే ముగిస్తాయి. ఒక్కో కుక్కకు నాలుగు సెకన్లు కూడా పట్టవు. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లలో 100 మీటర్లు పరిగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పిన రోజు మొదటి 30 మీటర్లకు తీసుకున్నది 3.78 సెకన్లు. బోల్ట్‌కు అడ్డంగా హర్డిల్స్ లేవు, మధ్యలో వెనక్కి తిరిగే పని లేదు, నోట్లో బంతీ లేదు. న్యాయానికి ఇదీ చెప్పాలి: బోల్ట్ కదలకుండా కూర్చున్న చోటి నుంచి లేచాడు, కుక్క మాత్రం గీతకు చాలా వెనక నుంచి ఊపు మీద వస్తుంది. అయినా ఎనిమిది గెంతులు, ఒక మలుపు, ఒక బంతి ఉన్న పరుగు అది!

ఇంత తక్కువ సమయంలో తప్పొప్పులు కంటితో పట్టుకోవడం కష్టం. అందుకే పెద్ద పోటీల్లో గీత దగ్గర ఎలక్ట్రానిక్ సెన్సార్లు, కార్ల డ్రాగ్ రేసుల్లో లాంటి రంగు దీపాలు పెడతారు.

పొట్టిదాని ఎత్తే కొలబద్ద

ఈ ఆటలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. హర్డిల్ ఎత్తును జట్టులోని అన్నిటికన్నా పొట్టి కుక్కను బట్టి నిర్ణయిస్తారు. ఉత్తర అమెరికా ఫ్లైబాల్ సంఘం నిబంధనల్లో అది సుమారు 7 అంగుళాల నుంచి 14 అంగుళాల దాకా ఉంటుంది. అందుకే ముగ్గురు పొడుగు పరుగువీరులను పోగేసిన జట్టు కూడా నాలుగోదానిగా ఒక పొట్టిదాన్ని వెతుక్కుంటుంది. ఆ బుడత ఉంటే మిగతావాటికి హర్డిల్స్ లెక్కే కాదు. మరీ నిదానంగా పరిగెత్తే పొట్టిదైతే మళ్లీ లాభం లేదు. కాళ్లు పొట్టిగా, పరుగు మాత్రం ఘనంగా ఉండాలి. ఈ అవసరం కోసమే బోర్డర్ కోలీకి జాక్ రసెల్ టెరియర్‌ను కలిపి ప్రత్యేకంగా పిల్లలు పుట్టిస్తున్నారు. విప్పెట్‌తో కలిపినవీ ఉన్నాయి. కాగితాలున్న జాతి కుక్కే కావాలన్న పట్టింపు ఈ ఆటలో లేదు. డాగ్ షోలో మెడ వంపు, తోక ముడి చూసి మార్కులు వేసే పద్ధతికన్నా ఇది మేలు అనిపిస్తుంది.

అన్నిటికన్నా వేగమైనదాన్నే దింపితే సరిపోదా? గ్రేహౌండ్‌నే తీసుకోండి. 1994 మార్చి 5న ఆస్ట్రేలియాలోని వయాంగ్‌లో స్టార్ టైటిల్ అనే గ్రేహౌండ్ గంటకు 67.32 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఎత్తు గెంతడంలోనూ ఆ జాతిదే పేరు. 2017లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఫెదర్ అనే గ్రేహౌండ్ 191.7 సెంటీమీటర్లు దూకింది. అయినా ఫ్లైబాల్‌లో రాజ్యం బోర్డర్ కోలీలది, వాటి సంకరాలది. గ్రేహౌండ్ ఊపు అందుకునే లోపే పెట్టె వచ్చేస్తుంది. అక్కడ బంతి అందుకుని ఒక్క తన్నుతో శరీరాన్ని మెలితిప్పి వెనక్కి రావాలి. గొర్రెల మందను తిప్పడానికి తరతరాలుగా పెంచిన కోలీకి ఆ తిరగడమే పుట్టుకతో వచ్చిన విద్య.

ఈ ఆట పుట్టింది దక్షిణ కాలిఫోర్నియాలో, 1960ల చివర, 1970ల మొదట్లో. బంతి విసిరే తొలి పెట్టె హెర్బర్ట్ వాగ్నర్ చేశాడంటారు. జానీ కార్సన్ టీవీ షోలో దాన్ని చూపించడంతో జనం నోళ్లలో పడింది. 1984లో మిషిగన్, ఒంటారియో జట్లు కలిసి ఉత్తర అమెరికా సంఘం పెట్టుకున్నాయి. 1990లో ఆట బ్రిటన్‌లోని క్రఫ్ట్స్ డాగ్ షోకు చేరింది.

పాయింట్ల లెక్క మాత్రం మనవాళ్ల ర్యాంకుల పిచ్చికి సరిగ్గా సరిపోతుంది. ఆ సంఘం పద్ధతిలో జట్టు 24 సెకన్ల లోపు ముగిస్తే ప్రతి కుక్కకూ 25 పాయింట్లు, 28 లోపైతే 5, 32 లోపైతే ఒకటి. 500 వస్తే ఛాంపియన్ బిరుదు, 20,000కు ఆనిక్స్ అవార్డు, లక్షకు హాబ్స్ అవార్డు. లక్ష పాయింట్లంటే ప్రతిసారీ 25 వచ్చినా 4,000 పరుగులు. గెంతులు 32,000. దూరం 124 కిలోమీటర్లు: బడంగ్‌పేట్ నుంచి సూర్యాపేట పొలిమేర దాకా, బంతి బంతిగా!

బంతుల సంగతి వచ్చింది కాబట్టి మరో రెండు రికార్డులు. టెక్సాస్‌లో ఆగీ అనే గోల్డెన్ రిట్రీవర్ 2003లో ఒకేసారి ఐదు టెన్నిస్ బంతులు నోట పట్టింది. 2020లో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఫిన్లీ ఆరు పట్టి ఆ గిన్నిస్ రికార్డు లాక్కుంది. జపాన్‌లో ప్యూరిన్ అనే బీగిల్ 2015లో నిమిషంలో 14 బంతుల్ని ముందు కాళ్లతో పట్టింది. దాన్ని ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా పెట్టవచ్చు.

రన్‌వే మీద కోలీ

శంషాబాద్ విమానాశ్రయం వైపు బతికేవాళ్లకు ఆసక్తి కలిగించేది ఇది. 1999లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్ విమానాశ్రయం జెట్ అనే బోర్డర్ కోలీని ఉద్యోగంలో పెట్టుకుంది. రన్‌వే చుట్టూ చేరే పక్షులను తరమడం దాని డ్యూటీ. పౌర విమానాశ్రయాల్లో ఇలా కుక్కను పెట్టుకున్నది అదే మొదటిదంటారు. తరవాత మిషిగన్‌లోని చెర్రీ క్యాపిటల్ విమానాశ్రయంలో పైపర్ అనే కోలీ కళ్లద్దాలు, చెవులకు శబ్దం తగలకుండా తొడుగులు పెట్టుకుని డ్యూటీ చేసి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అది 2018లో చనిపోయింది. మన దేశంలో ఇదే పనికి ఆగ్రా వైమానిక స్థావరం ముధోల్ వేటకుక్కలను తెప్పించుకుంది. 2008 మార్చిలో మొదలైన శంషాబాద్ విమానాశ్రయంలో రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అక్కడి సీఐఎస్ఎఫ్ కుక్కలకు మాత్రం పక్షులతో పని లేదు, సామానుతోనే. పేలుడు పదార్థాలను పసిగట్టే ఇలాంటి కుక్కలకు చాలా చోట్ల దొరికే జీతం కూడా బంతే. వాసన సరిగ్గా పట్టుకుంటే కాసేపు బంతితో ఆడనిస్తారు.

తెలంగాణ పోలీసు కుక్కలు తయారయ్యేది శంషాబాద్‌కు కాస్త పడమటగా మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో. పోలీసు కుక్కలకు అఖిల భారత పోలీస్ డ్యూటీ మీట్‌లో పోటీలు జరుగుతాయి. 2024లో లక్నోలో జరిగిన మీట్‌లో బీఎస్ఎఫ్ వారి ముధోల్ కుక్క రియా 116 విదేశీ జాతి కుక్కలను దాటి మీట్ మొత్తానికి ఉత్తమ శునకంగా నిలిచింది. మన దేశపు జాతులకు ఇది చిన్న గెలుపు కాదు.

తెలుగు నేలకూ ఒక జాతి ఉంది. కొల్లేరు చుట్టూ బాతులు కాసేవాళ్ల వెంట తిరిగిన జోనంగి అది. మందను కలిపి ఉంచుతుంది, చెదిరినవాటిని తిప్పి తెస్తుంది. స్కాట్లాండ్ సరిహద్దుల్లో గొర్రెల దగ్గర కోలీ చేసిన పనే ఇక్కడ నీళ్లల్లో, బురదలో బాతుల దగ్గర ఇది చేసింది. పొట్టి బొచ్చు కాబట్టి మే నెల ఎండకూ ఓర్చుకుంటుంది. దట్టమైన బొచ్చుతో హైదరాబాద్ ఫ్లాట్లలో రొప్పుతూ పడుండే కోలీలను చూస్తే ఆ తేడా తెలుస్తుంది. చేపల చెరువులు పెరిగి బాతుల పని తగ్గాక జోనంగీ తగ్గిపోయింది. ఉన్నవాటిలో నాలుగింటిని తెచ్చి బంతి అలవాటు చేస్తే మంచి ఫ్లైబాల్ జట్టు అవుతుందని నా నమ్మకం. పైగా ఫ్లైబాల్ పోటీ అంటే మొదటి నుంచి చివరి దాకా చెవులు చిల్లులు పడే మొరుగుడు. జోనంగి మొరగడం అరుదు, రాగం తీసినట్టు ఒక కూత కూస్తుందంతే. జడ్జీలకైనా కాస్త హాయి.