గుండీలో గుట్టు

మెరిసేదంతా స్టీలు కాదు! సంఘం గుర్తుతో విదేశాల్లో టోకున కఫ్‌లింకులు చేయించాలనుకుంటే ఆర్డరు పెట్టేముందు తెలుసుకోవాల్సిన సంగతులు చాలానే ఉన్నాయి.

ఓ సంఘం ఉందనుకోండి. దానికి యాభయ్యేళ్లు నిండాయి. సభ్యులందరికీ జ్ఞాపికగా ఏదైనా ఇవ్వాలి. శాలువాలూ మెమెంటోలూ ఇచ్చీ ఇచ్చీ విసుగొచ్చింది. 'ఈసారి మన గుర్తు చెక్కిన కఫ్‌లింకులు ఇద్దాం. కోటు వేసుకున్నప్పుడల్లా సంఘం గుర్తొస్తుంది' అన్నారెవరో. అందరూ చప్పట్లు కొట్టారు. బాధ్యత సెక్రటరీగారి మీద పడింది. ఆయన నాలుగు విదేశీ ఫ్యాక్టరీల ధరలు కనుక్కున్నారు. అందరూ 'స్టెయిన్‌లెస్ స్టీలు' అనే చెప్పారు. అందరికంటే తక్కువ చెప్పినవాళ్లకి డబ్బు పంపేశారు.

పెట్టె వచ్చింది. గుండీలు తళతళా మెరిశాయి. ఆర్నెల్లు తిరిగేసరికి అంచుల్లో పూత లేచింది. కింద బూడిదరంగు బయటపడింది. ఒకాయనకి మణికట్టు దురద పెట్టింది. 'ఏమండీ సెక్రటరీగారూ, ఇది స్టీలేనంటారా?' అని ఒక్కరడిగినా చాలు. పోయేది సంఘం డబ్బు ఒక్కటే కాదు, ఆయన మాట కూడా!

ఇది ఊహించి చెప్పిన కథే. కానీ ఇలా జరగడానికి కారణాలు మాత్రం ఊహలు కావు.

రిబ్బను పోయి గుండీ వచ్చె...

చొక్కా చేతి అంచుని మడిచి, రెండు కాజాలనీ కలిపి బిగించే జంట గుండీలే కఫ్‌లింకులు. ఒకప్పుడు ఐరోపాలో చొక్కా చేతుల్ని రిబ్బన్లతో ముడివేసుకునేవారు. 17వ శతాబ్దంలో చిన్న గొలుసుతో కలిపిన గుండీలు మొదలయ్యాయి. 19వ శతాబ్దంలో గంజి పెట్టి బిరుసెక్కించిన కఫ్‌లు రావడంతో మామూలు గుండీలు పనికిరాకుండా పోయాయి. కఫ్‌లింకులు మగవాళ్ల నగలైపోయాయి.

వాటి మీద గుర్తులు చెక్కించుకోవడంలో ఫ్రీమేసన్లది పెద్ద చెయ్యి. లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి 1717లో గ్రాండ్ లాడ్జిగా ఏర్పడ్డాయని చెబుతారు. రాతిపని మేస్త్రీల పనిముట్లే వాళ్ల గుర్తులు. ఒకటి మూలమట్టం, రెండోది వృత్తలేఖిని. సమావేశాలకి ముదురు రంగు సూటూ తెల్లచొక్కా వేసుకుని వెళ్తారు. ఆ చొక్కా చేతి మీద గుర్తున్న కఫ్‌లింకులు పెట్టుకోవడం చాలామందికి అలవాటు.

మనకీ ఈ సంఘం కొత్తదేం కాదు. మోతీలాల్ నెహ్రూ ఇందులో సభ్యుడు. వివేకానందుడు సన్యాసం తీసుకోకముందు 1884లో కలకత్తాలో సభ్యత్వం తీసుకున్నారు. హైదరాబాద్‌లోని గోషామహల్ బారాదరిలో 19వ శతాబ్దం నుంచీ లాడ్జి నడుస్తోంది. 1961లో గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడింది.

బర్మింగ్‌హామ్ నుంచి గ్వాంగ్‌డాంగ్‌కి

చిన్న చిన్న లోహపు సామాన్లకి ఒకప్పుడు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పెట్టింది పేరు. మాథ్యూ బౌల్టన్ 18వ శతాబ్దంలోనే అక్కడ భారీ కర్మాగారం కట్టి గుండీలూ బకిల్సూ చేయించాడు. ఆ ఊళ్లోని జ్యుయెలరీ క్వార్టర్‌లో పతకాలూ బ్యాడ్జీలూ ఇప్పటికీ తయారవుతున్నాయి. కాకపోతే ధర ఎక్కువ.

అందుకే ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో లాడ్జి సామాన్లు అమ్మే చిన్న దుకాణదారు ఆసియా వైపు చూస్తాడు. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఫుట్‌బాళ్లకీ సర్జరీ పనిముట్లకీ ఎంత పేరుపడిందో లాడ్జీల ఏప్రాన్లకీ బ్యాడ్జీలకీ అంతే. అయితే 2025 మే నెలలో పాకిస్తాన్ నుంచి దిగుమతులన్నింటినీ మనదేశం నిషేధించింది కాబట్టి మనవాళ్లకి ఆ దారి మూసుకుపోయింది. ఇక మిగిలిన పెద్ద అంగడి చైనా. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని డాంగ్వాన్, షెంజెన్ ఊళ్లలో లోహపు పని చేసే ఫ్యాక్టరీలు కొల్లలు. జెజియాంగ్ రాష్ట్రంలోని యివూ టోకు బజారు మరో ప్రపంచం. గ్వాంగ్‌జౌలో 1957 నుంచీ జరుగుతున్న కాంటన్ ఫెయిర్‌కి ఏటా రెండుసార్లు దేశదేశాల వ్యాపారులు వస్తారు.

ఇక్కడో చిక్కుంది. అమ్మేవాళ్లందరూ తయారుచేసేవాళ్లు కారు. చాలామంది మధ్యవర్తులు. మధ్యవర్తి ఉండటం తప్పేం కాదు. ఆ సంగతి దాచడమే తప్పు. 'అచ్చు తయారయ్యేచోటు, పాలిష్ పట్టేచోటు వీడియోలో చూపించండి' అని అడిగితే ఎవరేమిటో తేలిపోతుంది.

స్టీలు పేరుతో జింకు!

అసలు కిటుకు లోహంలో ఉంది. జింకు మిశ్రమం 400 డిగ్రీల లోపే కరుగుతుంది. రబ్బరు అచ్చులో పోసి గిర్రున తిప్పితే ఎంత సన్నని నగిషీ అయినా వచ్చేస్తుంది. పైన నికెల్ పూత వేస్తే అచ్చం స్టీలే! అదే స్టెయిన్‌లెస్ స్టీలు కరగాలంటే 1400 డిగ్రీలు కావాలి. రేకు కోసి, ప్రెస్సులో నొక్కి, లేజర్‌తో చెక్కాలి. లేదంటే మన విగ్రహాల శిల్పుల్లా మైనపు అచ్చుతో పోత పోయాలి. పనెక్కువ, ఖర్చెక్కువ. కాబట్టి 'స్టీలు' ధర మరీ చవగ్గా ఉందంటే అనుమానించాల్సిందే.

స్టీలే అయినా అందులోనూ రకాలున్నాయి. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316 రకంలో రెండు మూడు శాతం మాలిబ్డినం కూడా కలుస్తుంది. ఉప్పునీ చెమటనీ తట్టుకోవడంలో అది మేలు. ఇక 201 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. అది చవక, తుప్పు భయం ఎక్కువ.

'అయస్కాంతం పెట్టి చూస్తే సరి' అంటుంటారు. అంత సులువైతే ఇంకేం! 304 రకం అయస్కాంతానికి పెద్దగా అంటదు. నిజమే. కానీ 201 కూడా అంటదు. జింకూ అంటదు, ఇత్తడీ అంటదు. అయస్కాంతం చేతిలో ఉందని ధీమా పడితే మోసపోయినట్టే. ఎక్స్‌రే కిరణాలతో లోహంలో ఏముందో చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రాలున్నాయి. బంగారం స్వచ్ఛత చూసే కేంద్రాల్లో ఉండేవి ఇలాంటివే. ఒక నమూనాని స్టీలు పరీక్షించే ల్యాబ్‌లో చూపిస్తే గుట్టు బయటపడుతుంది. పైపూతని కాస్త గీకి లోపలి లోహాన్ని చూపించడం మాత్రం మరవొద్దు.

దురద సంగతీ చిన్నదేం కాదు. నికెల్ కొందరి చర్మానికి పడదు. అందుకే ఒంటికి తగిలే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాముకి మించి నికెల్ బయటికి రాకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన పెట్టింది. ఐరోపాలో అమ్మాలనుకునేవాళ్లు ఆ పరీక్ష పత్రాన్ని అడిగి తీసుకోవాలి.

కాళ్లు కిందికా... పైకా?

లోహం సరే, గుర్తు సంగతేంటి? వృత్తలేఖిని రెండు మొనలూ మూలమట్టం పైన కనిపిస్తే ఫ్రీమేసన్లలో అది మూడో మెట్టుకి సూచన. ఒక మొనే పైకి వస్తే రెండో మెట్టు. రెండూ కిందుంటే అప్పుడే చేరినవాడని అర్థం! ఫ్యాక్టరీలో బొమ్మ గీసేవాళ్లకి ఇదేం తెలుస్తుంది? చూడ్డానికి బాగుందని మొనలు కిందికి జరిపితే, ముప్పయ్యేళ్ల పెద్దమనిషి చేతికి కొత్తవాడి గుర్తు తగిలించినట్టే. అమెరికా గుర్తుల్లో మధ్యన 'జి' అక్షరం మామూలే. ఇంగ్లండ్‌లో చాలాసార్లు అది ఉండదు.

రోటరీ చక్రమూ అంతే. 24 పళ్లు, ఆరు ఆకులు, నడుమ ఇరుసుని పట్టి ఉంచే చిన్న గాడి. ఆ గాడి లేకపోతే చక్రం తిరుగుతుంది కానీ పనిచేయదు. పైగా ఆ గుర్తున్న సరుకు అమ్మాలంటే రోటరీ ఇంటర్నేషనల్ లైసెన్సు ఉండాలి. కాబట్టి ఏ సంఘమైనా సరే, గుర్తు వాడుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాకే అచ్చు మాట ఎత్తాలి.

డబ్బు పంపేముందు...

టోకున కొంటే చవకెందుకో చూద్దాం. అచ్చుకి 8 వేల రూపాయలు అయిందనుకోండి. 20 జతలకైతే జతకి 400 పడుతుంది. 200 జతలకైతే 40 రూపాయలే! అందుకే ఫ్యాక్టరీలు కనీసం ఇన్ని జతలు తీసుకోవాలని షరతు పెడతాయి. ఆ ఆశతో అవసరానికి మించి ఆర్డరిస్తే మిగిలినవి అల్మరాలోనే ఉండిపోతాయి.

* స్టీలు రకం, కొలతలు, గ్రాముల్లో బరువు, రంగుల నంబర్లు, వెనక తిరిగే కడ్డీ కూడా స్టీలేనా... అన్నీ ఆర్డరు కాగితం మీదే రాయించాలి.

* బొమ్మ చూసి సరే అనొద్దు. తయారైన నమూనా చేతికొచ్చాకే 'సరే' అనాలి. కడ్డీని పదేపదే తిప్పి చూడాలి. ముందుగా ఊడేది ఆ అతుకే.

* ఒప్పుకున్న నమూనాలు రెండుండాలి. ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర. రేపు తగాదా వస్తే అదే సాక్ష్యం.

* కొంత అడ్వాన్సుగా, మిగతాది సరుకు బయల్దేరేముందు చెల్లించడం ఎక్కువగా నడిచే పద్ధతి. ఆ రెండో విడత ఇచ్చేముందే తనిఖీ జరగాలి. పెట్టెల్లోంచి తోచినవి కొన్ని తీసి చూసే తనిఖీ సంస్థలు అక్కడే ఉంటాయి.

* ఓడ దాకా ధరా, మన రేవు దాకా ధరా తేల్చుకోవాలి. మనదేశంలో దిగుమతికి ఐఈసీ నమోదు తప్పనిసరి. ఇప్పుడు పాన్ నంబరే ఐఈసీ నంబరు. మామూలు లోహపు కఫ్‌లింకులకి కస్టమ్స్ జాబితాలో 7117.11 అని విడిగా నంబరే ఉంది. సుంకాలూ నిబంధనలూ మారుతుంటాయి కాబట్టి ఆర్డరుకి ముందే కస్టమ్స్ ఏజెంటుని అడగడం మంచిది.

ఇన్ని కాగితాలా అనిపిస్తుంది. ఎదుటివాణ్ని అనుమానిస్తున్నామేమోనని మొహమాటమూ ఉంటుంది. కానీ నిజాయతీగా పనిచేసే ఫ్యాక్టరీ ఈ ప్రశ్నలకి నొచ్చుకోదు. అడక్కముందే చెబుతుంది. నొచ్చుకునేవాళ్లు ఎవరో ముందే తెలిసిపోవడం కూడా లాభమే కదా!

చొక్కా చేతి మీద ఆ చిన్న గుర్తు 'నేను ఫలానా వాళ్ల మనిషిని, నన్ను నమ్మొచ్చు' అని చెబుతుంది. అలాంటి దాన్ని కొనేటప్పుడు మాత్రం నమ్మకం ఒక్కటే చాలదు. నమూనా, పరీక్ష, రాతకోతలు... ఈ మూడూ ఉంటే స్వర్ణోత్సవంలో ఇచ్చిన గుండీ వజ్రోత్సవం నాటికీ మెరుస్తుంది. సెక్రటరీగారి మాట కూడా!