దిండినుండి దేశాంతరమునకు రైలు టిక్కెట్టు

వసిష్ఠ గోదావరి తీరమున, కొబ్బరితోటల నీడలోనున్న దిండి గ్రామమునకు దూరప్రాంతముల వారు కుటుంబములతో విశ్రాంతికై వచ్చుచున్నారు. అట్టి దిండిలోని గృహస్థు డొకడు తానును భార్యాబిడ్డలతో సెలవులలో విదేశమున రైలుప్రయాణము చేయదలచినచో టిక్కెట్టు దొరకు నుపాయమేమి? ఈ ప్రశ్న కొందఱికి విలాసముగ దోచవచ్చును. కాని యే దేశమునకు టిక్కెట్టు దొరకును, ఏ దేశమునకు దొరకదు అని విచారించినచో, ఇరుగుపొరుగు రాజ్యములతో మన మైత్రి యెంతటిదో, కోనసీమపై మన ప్రభుత్వములకు గల శ్రద్ధ యెంతటిదో తేటపడును.

మొదట దూరపు మాట చెప్పెదము. పారిస్ నుండి ఆంస్టర్‌డామునకో, వియన్నా నుండి బుడాపెస్తునకో పోవు టిక్కెట్టును దిండిలో వీధియరుగుపై గూర్చుండి చేతిలోని ఫోనుతో గొనవచ్చును. పెక్కు పట్టణములు చూడగోరువారికి 33 దేశములలో చెల్లుబడియగు యూరైల్ పాసు కలదు. పెద్దవారొక్కరి వెంట 4 మొదలు 11 ఏండ్లవఱకు వయసుగల బిడ్డ లిద్దఱు ఉచితముగ బోవచ్చును. అయినను వారి పేర గూడ పాసు తీసికొనవలెను. పాసు చేతనున్నంతమాత్రమున సీటు దొరకినట్లు గాదు. ఫ్రాన్సు దేశపు శీఘ్రగామి రైళ్లకును, సముద్రము క్రింది సొరంగముగుండ లండనునకు బోవు యూరోస్టారునకును సీటు వేఱుగ రిజర్వు చేసికొని రుసుము చెల్లింపవలెను. లండనునకు బోవువారికి షెంజెన్ వీసా చాలదు; బ్రిటనువారి వీసా వేఱుగ బొందవలెను.

ఇందు మనవారు పొరపడు తావులు మూడు గలవు. ఒకటి, వీసా రాకమునుపే చౌకటిక్కెట్లు గొనుట. అవి చాలవఱకు రద్దుచేసిన సొమ్ము తిరిగిరానివి. షెంజెన్ వీసాకు ప్రయాణమునకు 6 నెలలకంటె ముందు దరఖాస్తు పెట్టరాదు. 2024 జూన్ నుండి రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 మొదలు 11 ఏండ్ల పిల్లలకు 45 యూరోలు. వీసా నిరాకరింపబడినచో రుసుమును బోవును, టిక్కెట్టును బోవును. కావున వీసా చేతికి వచ్చువఱకు రద్దుచేసికొన వీలుగల టిక్కెట్టునే గొనుట వివేకము. రెండవది పేరు. మనము ఇంటిపేరు ముందు వ్రాసికొందుము, పలుమారు పొడియక్షరముతో సరిపెట్టుదుము. పాసుపోర్టుపై నెట్లున్నదో టిక్కెట్టుపై నట్లే యుండవలెను. మూడవది మన యింటనుండి విమానాశ్రయమువఱకు పోవు దారి. విమానపు టిక్కెట్టును నెలలకు ముందే గొనవచ్చును గాని, మన రైళ్లలో 2024 నవంబరు 1 నుండి 60 దినములకంటె ముందుగ రిజర్వేషను లేదు. హైదరాబాదునకు సీటు దొరకునో లేదో తెలియకయే పారిసులో సీటు గొనవలసివచ్చుచున్నది.

ఇంత దూరదేశపు టిక్కెట్టు ఇంత సులువుగ దొరకుచుండ, పొరుగుదేశముల మాట యేమి? 1914లో పాంబను వంతెన తెఱచిన పిమ్మట మదరాసున టిక్కెట్టు గొన్న ప్రయాణికుడు ధనుష్కోటివఱకు రైలులో బోయి, ఓడలో తలైమన్నారు చేరి, మఱల రైలెక్కి కొలంబోలో దిగెడువాడు. 1964 డిసెంబరు తుపాను ధనుష్కోటిని రూపుమాపినది. తరువాత రామేశ్వరమునుండి కొంతకాలము నడచిన యోడయు సింహళపు అంతర్యుద్ధముతో నిలిచినది. 2025లో పాంబనున క్రొత్త రైలువంతెన వెలసినను రైలు రామేశ్వరముననే ఆగుచున్నది. పాకిస్తానమునకు 1976లో మొదలైన సంఝౌతా రైలును, 2006లో మొదలైన థార్ రైలును 2019 ఆగస్టులో ఆగిపోయినవి. 1965 యుద్ధముతో తెగిన తూర్పుబంగాళపు దారిని 2008లో మైత్రీ రైలు మఱల గలిపినది. 2017లో ఖుల్నాకు బంధన్, 2022లో న్యూ జల్పాయిగుడినుండి ఢాకాకు మితాలీ చేరినవి. 2024 జూలైలో ఈ మూడును ఒక్కసారిగ నిలిచినవి. మైత్రియని పేరుపెట్టినంతమాత్రమున మైత్రి నిలువదు గదా!

ఒక్క యాశాకిరణము మిగిలియున్నది. 2022 ఏప్రిలులో బీహారులోని జయనగరమునుండి నేపాలులోని కుర్తావఱకు రైలు ప్రారంభమైనది. దారిలోనిదే జనకపురము. సీతాకల్యాణమును ఏటేట పందిళ్లలో జరుపుకొను గోదావరి తీరవాసులకు ఆ యూరు పరాయి యెట్లగును? ఆ ప్రయాణమునకు భారతీయులకు వీసాతో బనిలేదు; గుర్తింపుపత్రము చాలును. పరదేశము జూడగోరు మన సామాన్య కుటుంబమున కింతకంటె సులభమగు రైలుయాత్ర లేదు.

ఇక సరిహద్దుల మాట యటుండనిండు. దిండివారు రైలెక్కవలెనన్న చించినాడ వంతెన దాటి పశ్చిమగోదావరిలోని పాలకొల్లునకు బోవలెను. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో వేసిన రైలుదారిని 1940లో పరప్రభుత్వమువారు యుద్ధావసరములకని పెఱికి పట్టుకొనిపోయిరి. అది మన యుద్ధము కాదు. మన సమ్మతియు నడుగలేదు. ఆ దారి మఱల పడి రైలు నడచుటకు 2004 వఱకు బట్టినది. కోటిపల్లినుండి అమలాపురము, రాజోలు మీదుగ నరసాపురమునకు 57 కిలోమీటర్ల దారి 2000–01లో మంజూరైనది. లోక్‌సభాపతిగనుండి 2002లో కన్నుమూసిన బాలయోగిగారు దానికై మిక్కిలి పాటుపడిరి. గౌతమి, వైనతేయ, వసిష్ఠలపై వంతెనలు కట్టవలసిన దుర్గమకార్యమన్నది నిజమే. కాని యొక తరము గడచినను పూర్తికాకుండుటకు నదులనే తప్పుపట్టుట న్యాయము గాదు. పరప్రభుత్వము పట్టాలు పెఱికినప్పుడు మన మాగ్రహించితిమి. స్వప్రభుత్వము పట్టాలు వేయుటలో జాగుచేయుచుండ మౌనము వహించుట యెట్లు తగును?

కావున ప్రజాప్రతినిధులకు మేము చేయు విన్నపములు రెండు. కోనసీమ రైలుదారికి గడువు నిర్ణయించి, ఆ గడువును చట్టసభలలో బహిరంగముగ జెప్పుడు. రాజ్యముల కలహములు తీరు వేళ జనులు రాకపోకలు సేయు రైళ్లను మొదట దెఱువుడు. ఇరుదేశముల బంధువులు కలసికొనుటకు పేదవానికి రైలే దిక్కు. పారిసు టిక్కెట్టు చేతబట్టుకొన్న దిండి బాలుడు, "నాన్నా, మన స్టేషను ఎక్కడ?" యని యడుగు దినమున తండ్రి నదికావలి యొడ్డును జూపవలసిన దుర్గతి ఇకనైన తీరవలెను.