బాల అగ్నిమాపక దళాల పందెం

ఇల్లు కాలుతూ ఉండగా బావి త్రవ్వ మొదలుపెట్టిన వాని సంగతి మన సామెతలో ఉన్నది. ఆ సామెతలో ఒక శాస్త్ర సత్యం ఇమిడి ఉన్నది. అగ్ని మొదట చిన్నదిగా పుడుతుంది. తన వేడితోనే చుట్టుపక్కల వస్తువులను వేడిచేసి, వాటినుండి మండే వాయువులను వెలువరింపజేసి, క్షణక్షణమూ పెరుగుతుంది. మొదటి నిమిషంలో ఒక బకెట్టు నీటితో అణగిపోయే మంట, పదవ నిమిషంలో ఒక బండెడు నీటికి కూడా లొంగకపోవచ్చును. అందువలన నేర్వవలసినది ముందుగానే నేర్చి ఉండవలెను. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని ఐరోపాలో పిల్లల కొరకు ఒక పోటీ ఏర్పడి ఉన్నది. ఆ పోటీలో ఎక్కడా నిప్పు ఉండదు. అయినా అగ్నిని ఎదుర్కొనుటకు కావలసిన విజ్ఞానం చాలవరకు అందులో ఉన్నది.

దళాలకు నారుమళ్ళు

మన దేశంలో అగ్నిమాపక సేవ ప్రధానంగా ప్రభుత్వ శాఖల పని. ఆస్ట్రియా, జర్మనీ, స్లొవేనియా మొదలైన దేశాలలో పద్ధతి వేరు. అక్కడి పల్లెలలో రైతులు, వడ్రంగులు, గుమాస్తాలు ఎవరి పని వారు చేసుకొంటూనే, ప్రమాద సూచన వినబడగానే పరుగున వచ్చి దళంగా ఏర్పడతారు. దీనికి వారు జీతం పుచ్చుకోరు. ఆస్ట్రియాలో పూర్తికాలపు వృత్తి దళాలు వియన్నా మొదలైన 6 నగరాలలో మాత్రమే ఉన్నవి. తక్కిన దేశమంతటా ఈ భారం ముఖ్యంగా స్వచ్ఛంద సేవకులదే.

ఇట్టి దళాలు తరతరాలు నిలవవలెనంటే కొత్తవారు వస్తూ ఉండవలెను. బాలదళాలు ఇందుకు నారుమళ్ళ వంటివి. జర్మనీలో ఇట్టి బాలదళాలకు 1964లో దేశవ్యాప్తమైన సంఘం ఏర్పడినది. ఈ పిల్లలను మంటలలోనికి పంపరు. వారికి ఆట ద్వారా, అభ్యాసం ద్వారా పని నేర్పుతారు.

1900లో పారిస్‌లో స్థాపితమైన అంతర్జాతీయ అగ్నిమాపక సంఘం ఈ పిల్లలకు పోటీలు జరుపుతూ వస్తున్నది. 2019లో స్విట్జర్లాండులోని మార్టిన్యీలోను, 2022లో స్లొవేనియాలోని సెల్యేలోను ఇవి జరిగినవి. పాల్గొనేవారి వయస్సు 12 నుండి 16 ఏండ్లు. జట్టులో 10 మంది ఉంటారు. 9 మంది రంగంలో దిగుతారు, ఒకరు అదనంగా ఉంటారు. పోటీలో రెండు భాగాలు: ఒకటి ఆటంకాలను దాటి నీళ్ళు చిమ్మే పరీక్ష, రెండవది 400 మీటర్ల అంచెల పరుగు.

సొరంగంలో పాకడం ఎందుకు?

మొదటి భాగంలో పిల్లలు నీటి కాలువను దుముకుతారు, అడ్డుకట్టను దాటుతారు, సన్నని పలకమీద నడుస్తారు, ఇరుకైన సొరంగంలో పాకుతారు. ఇది కేవలం కసరత్తు అని చూసేవారు అనుకోవచ్చును. కాని ఆ పాకడంలో చార్లెస్ నియమం ఉన్నది.

పీడనం మారనప్పుడు వాయువు ఘనపరిమాణం దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. గదిలో గాలి 27 డిగ్రీల సెంటీగ్రేడు, అనగా 300 డిగ్రీల పరమ ఉష్ణోగ్రత వద్ద ఉన్నదనుకొందాం. మంటమీది గాలి 327 డిగ్రీలకు, అనగా పరమ మానంలో 600 డిగ్రీలకు వేడెక్కితే, దాని ఘనపరిమాణం రెట్టింపు, సాంద్రత సగం అవుతుంది. తేలికైన ఆ వేడి గాలి పొగను వెంటబెట్టుకొని పైకప్పుకు చేరుతుంది. నేలను అంటి ఉన్న పలుచని పొరలో మాత్రం కొంతసేపు చల్లని, కాస్త శుభ్రమైన గాలి మిగులుతుంది. కనుక పొగ నిండిన గదిలో నిలబడి పరుగెత్తడం ప్రమాదం, వంగి పాకడం క్షేమం. ఈ విషయం పుస్తకంలో చదివినవాడు భయంలో మరచిపోవచ్చును. నూరుసార్లు పాకినవాని మోకాళ్ళు మరచిపోవు.

ఐదు లీటర్ల లెక్క

సొరంగం దాటిన తరువాత ఇద్దరిద్దరుగా రెండు జంటలు చేతి పంపుల వద్దకు చేరుతారు. ఒకరు పంపు కొడతారు, ఒకరు గొట్టం పట్టి ఎదుటి పలకలోని రంధ్రం గుండా నీరు చిమ్ముతారు. రంధ్రం గుండా 5 లీటర్ల నీరు పోతే పని పూర్తి. పక్కకు పోయిన నీటికి లెక్క లేదు.

5 లీటర్ల నీటికి ఎంత శక్తి ఉన్నదో చూద్దాం. 30 డిగ్రీల వద్ద ఉన్న ఒక గ్రాము నీరు 100 డిగ్రీలకు చేరుటకు 70 కెలోరీల వేడిని తీసుకొంటుంది. 100 డిగ్రీల వద్ద ఆవిరిగా మారుటకు మరి 540 కెలోరీలు తీసుకొంటుంది. మొత్తం 610. ఆ ప్రకారం 5,000 గ్రాముల నీరు పూర్తిగా ఆవిరి అయితే 30 లక్షల 50 వేల కెలోరీలను మంటనుండి లాగివేస్తుంది. ఇది సుమారు ముప్పాతిక కిలో ఎండుకట్టె కాలగా వచ్చే వేడి. ఇందులో ఎనిమిదింట ఏడు వంతులకు పైగా ఆవిరి కావడం వలన కలిగిన మేలే. మండే వస్తువును తాకి ఆవిరి అయిన నీరే అసలైన పని చేస్తుంది. గోడను తడిపి నేలపై పారిన నీరు దాదాపు వ్యర్థం. గురి తప్పిన నీటిని లెక్కలో చేర్చకపోవడంలోని అంతరార్థం ఇదే.

ముడి ఎలా పట్టుకొంటుంది?

మరికొందరు కప్లింగులతో కలిపిన గొట్టాల వరుసను పరుస్తారు. అది మెలిపడితే తప్పు. గొట్టం మెలిపడినా, మడతపడినా నీటి దారి ఇరుకవుతుంది, పీడనం తగ్గుతుంది, చివర మూతి వద్ద ధార చచ్చిపోతుంది. దళసభ్యులు పరికరాలను కూడా గుర్తించవలెను, త్రాళ్ళతో నిర్ణీతమైన ముడులు వేయవలెను.

ముడి బలం రాపిడిలో ఉన్నది. నున్నని స్తంభానికి త్రాటిని ఒక చుట్టు చుట్టినామనుకొందాం. రాపిడి గుణకం 0.3 అయితే, ఒక చివర మనం పట్టిన బలానికి సుమారు 6½ రెట్లు బలాన్ని రెండవ చివర ఆపగలము. రెండు చుట్లు వేస్తే 43 రెట్లు! చుట్ల సంఖ్య కూడుతూ పోతే బలం గుణిస్తూ పోతుందన్నమాట. మంచి ముడిలో త్రాడు తన్ను తానే అదుముకొని ఈ రాపిడిని కలిగించుకొంటుంది. మన పాఠశాలలలో స్కౌట్లకు రీఫ్ ముడి తెలుసు. అందులో ఒక్క పేటను తారుమారు చేస్తే చూపుకు అలాగే ఉంటుంది, బరువు పడగానే జారిపోతుంది. చూపుకు బాగున్నదని న్యాయనిర్ణేత ఒప్పుకోడు.

తొందర వేరు, వేగం వేరు

మార్కుల పద్ధతి ఈ పోటీకి ప్రాణం. 1000 గుణాలతో మొదలుపెట్టి, పట్టిన ప్రతి సెకండుకు ఒక్కటి చొప్పున తీసివేస్తారు. తప్పులకు వాటి తీవ్రతను బట్టి 5, 10, 20 చొప్పున తీసివేస్తారు. సభ్యుల వయస్సుల మొత్తాన్ని కూడా లెక్కలోనికి తీసుకొంటారు గనుక చిన్నపిల్లల జట్టుకు అన్యాయం జరగదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక జట్టు 50 సెకండ్లలో ముగించి 10 గుణాల తప్పులు రెండు చేసినది. దానికి 1000 − 50 − 20 = 930. మరొక జట్టు 60 సెకండ్లు తీసుకొన్నది, తప్పు చేయలేదు. దానికి 940. నిదానించిన జట్టే గెలిచినది! పని జరిగేటప్పుడు మాట్లాడడం కూడా తప్పే. ఎవరి పని వారికి ముందే తెలిసి ఉంటే అరుపులతో అవసరముండదు. నిజమైన ప్రమాదంలో ఆ నిశ్శబ్దంలోనే నాయకుని ఆజ్ఞ, లోపల చిక్కుకొన్నవారి పిలుపు వినబడతాయి. అంచెల పరుగులో చేతులు మారే వస్తువు కర్ర కాదు, గొట్టం కొసనుండే మూతి. అది జారితే పరుగంతా వృథా అని పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

మనకు ఏమి పాఠం?

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాలకు నిప్పంటుకొని 94 మంది పిల్లలు చనిపోయినారు. కప్పు పూరితో వేసినది, బయటికి దారి ఇరుకు. ఇట్టి ఘోరానికి పిల్లల నేర్పు మందు కాదు. భద్రమైన కట్టడం, చాలినన్ని ద్వారాలు కల్పించడం పెద్దల బాధ్యత. అయినా బయటకు పోయే దారిని ముందే నడిచి చూసిన తరగతికీ, ఎన్నడూ చూడని తరగతికీ భేదం ఉన్నది.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన ప్రేలుడులో ప్రాణాలిచ్చిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం ఏటా అదే రోజున మన దేశంలో అగ్నిమాపక సేవా దినం జరుపుతారు. ఆ సందర్భంగా ఉపాధ్యాయులు ఒక చిన్న పందెం పెట్టవచ్చును. నిప్పు అక్కరలేదు. తరగతి అంతా మాట్లాడకుండా, త్రోసుకొనకుండా బయటికి వచ్చి వరుసలో నిలబడుటకు ఎన్ని సెకండ్లు పట్టినవో చూడండి. త్రోపులాటకు 10, మాటకు 5 చొప్పున కలపండి. వారం తరువాత మళ్ళీ చేయించండి. లెక్క తగ్గితే, ఆ తగ్గిన ప్రతి సెకండూ పిల్లలు తమకై ముందుగా త్రవ్వుకొన్న బావిలోని నీరే.