జురాసిక్‌ జీప్‌ కింద తుప్పు!

వీకెండ్‌లో నేనేం చేస్తానో చెబితే అమ్మ వీడియో కాల్‌లోనే తల పట్టుకుంటుంది. న్యూజెర్సీలో సెకండ్‌ హ్యాండ్‌ జీప్‌ కొని ‘జురాసిక్‌ పార్క్‌’ బండిలా మారుస్తున్నా మరి!

1993లో వచ్చిన ఆ సినిమాలో వాడింది 1992 రాంగ్లర్‌ సహారా. మిగతా రాంగ్లర్లకి హెడ్‌లైట్లు గుండ్రంగా ఉంటాయి. ఈ వైజే మోడల్‌కి మాత్రం పలకలుగా ఉంటాయి. అందుకే వేరేది కొంటే ఆ లుక్‌ రాదు. ఇసుక రంగు బాడీ, ఎర్ర చారలు, ఎర్ర చక్రాలు, 29 నంబర్‌. 2015లో ‘జురాసిక్‌ వరల్డ్‌’లో అన్నదమ్ములు మళ్లీ స్టార్ట్‌ చేసేది ఈ నంబర్‌ జీప్‌నే. నెలలో అయిపోతుందిలే అనుకున్నా.

స్టిక్కర్లు ఆర్డర్‌ పెట్టాక బండి కిందికి దూరి చూశా. గుండె జారిపోయింది. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చేరి ఫ్రేమ్‌ని లోపల్నుంచి తినేశాయి. వెనక కమాన్లు బిగించే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది!

పెయింట్‌కి దాచిన డబ్బు చేతిలో ఉంది. రంగేసి ఫొటోలు పెడితే లైకులే లైకులు. కానీ ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని హైవే ఎక్కితే? ఆ డబ్బంతా వెల్డర్‌కిచ్చేశా. తుప్పు పట్టిన భాగం కోసేసి కొత్త స్టీల్‌ అతికించాడు.

మీరూ ఇలాంటి బండి కొనాలనుకుంటే, బేరం ఆడేముందే సుత్తి పట్టుకుని కిందికి దూరండి. ఫ్రేమ్‌ మీద కొడితే ఖంగుమనాలి. చారలు ఎప్పుడైనా అతికించుకోవచ్చు.

‘ఏదిరా, డైనోసార్‌ బండి?’ అని నిన్న అమ్మ అడిగింది. ఫోన్‌ బండి కింద పెట్టి కొత్త వెల్డింగ్‌ చూపించా.