సెల్ఫు పట్టని బండి

గత వానకారున మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు వరుసగా మూడు దినములు బడికి రాకుండెను. నాలుగవ దినమున వచ్చినప్పుడు కారణ మడిగితిమి. "వాన పడింది సార్. శెనక్కాయలు విత్తాల. ట్రాక్టరు సెల్ఫు పట్టల్యా. తోసేదానికి మనిషి కావాల గదా" అని బదులు చెప్పెను. పెన్న, చిత్రావతి, పాపఘ్ని ఈ జిల్లాలోనే పుట్టియు ఏడాది పొడవున పారవు. కావున బాగేపల్లి, చింతామణి పల్లెలలో వాన తడి ఆరకముందే విత్తనము నేలలో పడవలెను. అట్టి వేళ బండి మొరాయించిన యెడల మూడు దినములు పోవుట యనగా ఒక పంట సందిగ్ధమున పడుట. అందుచేత ఆ బాలుని మందలింప మాకు నోరు రాలేదు.

మరియొక సంగతి విని మేము విచారించితిమి. వాని తండ్రి అంతకు నెల దినముల ముందే మెకానిక్కు మాటపై పాత సెల్ఫు మోటారును తీసివేయించి, వేల రూపాయలు పెట్టి క్రొత్తది వేయించెనట. అయినను రోగము పోలేదు. మేము భాషోపాధ్యాయులము, యంత్రజ్ఞులము కాము. అయినను ఈ వ్యవహారమున కొంత లోపము మాటలదే యని తోచినందున విషయమును విచారించి, తెలిసినంత ఇచ్చట వ్రాయుచున్నాము.

ఇంజను తనంత తాను మొదలు కాజాలదు. పిస్టను గాలిని బలముగా అణచి వేడెక్కించిన పిమ్మటనే డీజిలు మండును. ఆ మొదటి అణచుటకు ఇంజనును ఇతరు లెవరైన త్రిప్పవలెను. పూర్వ మిది ఇనుప హ్యాండిలుతో మనుష్యులే చేసెడివారు. ఇంజను ఒక్కొక్కప్పుడు వెనుకకు తన్నుటచే మణికట్టులు విరిగెడివి. అమెరికా దేశమున ఛార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు 1911లో విద్యుత్తుతో త్రిప్పు సాధనమును సిద్ధపరుపగా, 1912 కాడిలాక్ కార్లలో అది అమర్పబడెను. మనము 'సెల్ఫు' అనునది దాని సంతతియే.

పిడికెడంత మోటారు అంత ఇంజనును ఎట్లు త్రిప్పును? ఇంజను వెనుక ఫ్లైవీలను బరువైన చక్రము కలదు. దాని అంచునకు పళ్ళు గల ఇనుప రింగు బిగింపబడి యుండును. మోటారు కొనయందు పినియన్ అను చిన్న పళ్ళచక్ర ముండును. చిన్నదానికి 10 పళ్ళు, పెద్దదానికి 120 పళ్ళు ఉన్నవనుకొందము. మోటారు 12 చుట్లు తిరిగిన ఇంజను ఒక చుట్టు తిరుగును. వేగము తగ్గును, బలము పెరుగును. బావి గిలక, ఏతము ఎరిగిన మన పిల్లలకు ఇది క్రొత్త కాదు.

ఈ రెండు చక్రములు ఎల్లప్పుడును కూడి యుండరాదు. ఇంజను మొదలై నిమిషమునకు 1500 చుట్లు తిరుగునప్పుడు పినియన్ ఇంకను పట్టుకొని యుండిన యెడల అది 18,000 చుట్లు తిరుగవలసి వచ్చును; మోటారులోని తీగచుట్టలు చెదరిపోవును. కావున పినియన్ ముందుకు వచ్చి రింగును పట్టుకొనవలెను, పని కాగానే వెనుకకు మరలవలెను. ఆ రాకపోకలలోనే సెల్ఫు రోగములు పెక్కు దాగి యున్నవి.

నేటి ట్రాక్టరులలో ఈ రాకపోకలను సాగించునది సోలినాయిడ్ అను తీగచుట్ట. తాళము త్రిప్పగానే అది అయస్కాంతమై, ఒక ఇనుప కడ్డీని లాగును. ఆ కడ్డీ ఒక కొంకి ద్వారా పినియన్‌ను రింగువైపు త్రోయును. అటుపిమ్మటనే మోటారునకు నిండు కరెంటు విడుచును. మరియొక పద్ధతి బెండిక్సు. అందు పినియన్ మరచుట్టుగల ఇరుసుపై నుండును. మోటారు చటాలున తిరిగినప్పుడు పినియన్ తన బరువుచే వెనుకబడి, ఆ మరల వెంట జారి రింగులో ప్రవేశించును. సముద్రతీరములందు విహారమునకై నడపు నీటి స్కూటరులలో అనేకము ఈ బెండిక్సు గలవే. వానికి ఉప్పునీరు తగిలి ఇరుసు తుప్పు పట్టును, పినియన్ జారదు, మోటారు మాత్రము వృథాగా తిరుగును. మన సీమలో ఉప్పునీటికి బదులు ఎర్రదుమ్ము ఆ పని చేయును. కొందరు నునుపుకై ఆ మరలకు గ్రీజు దట్టించుదురు. గ్రీజు దుమ్మును పట్టి బంకయగును, రోగము ముదురును. మరలను కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరవిడుచుటయే మేలు. సోలినాయిడ్ బండ్ల పినియన్ వెనుకనుండు క్లచ్చిని మాత్రము కిరసనాయిలులో ముంచరాదు. దానిలో ముందే నింపిన గ్రీజు కరగిపోవును.

బండి ఎట్లు పలుకుచున్నదో వినిన యెడల రోగము చాలవరకు తెలియును. టకటకమని వరుసగా కొట్టుకొనిన బ్యాటరీ నీరసించినదనియో, దాని కొనలకు తెల్లని బూజు పట్టినదనియో మొదట అనుమానింపవలెను. నిండుగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ ఊరకయున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. ఒక్కసారి టక్కుమని ఊరకుండిన సోలినాయిడ్ లోపలి రాగికొనలు మాడియుండవచ్చును, లేదా మోటారు కార్బన్ బ్రష్షులు అరిగియుండవచ్చును. మోటారు గుయ్యిమని తిరుగుచు ఇంజను కదలనిచో కరెంటునందు దోషము లేదు, పట్టునందే కలదు. పినియన్ ముందుకు రాకుండుట, క్లచ్చి జారుట, రింగుపళ్ళు అరుగుట, ఈ మూడింటిలో ఒకటి. కరకరమని పళ్ళు కొరికినట్లు వినబడిన అరిగిన పళ్ళను, మోటారు బోల్టుల వదులును చూడవలెను.

ఇక మా విద్యార్థి బండి. వానిని గ్రుచ్చి గ్రుచ్చి యడుగగా ఇట్లనెను: "ఒగోసారి పడుతుంది సార్. పట్టనప్పుడు గేరులో పెట్టి రవ్వంత ముందుకు తోసి మళ్ళీ కొడితే పడుతుంది." ఈ ఒక్క వాక్యము నెల దినముల ముందు ఎవరైన వినియుండిన క్రొత్త మోటారు ఖర్చు తప్పియుండెడిది. ఏలయనగా ఇంజను ఆగునప్పుడు ఎక్కడ బడితే అక్కడ ఆగదు. పిస్టను గాలిని అణచు సమయమున ఎదురుబలము తగిలి ఆగును. మూడు సిలిండర్ల ట్రాక్టరైన ఫ్లైవీలుపై ఇంచుమించు మూడు తావులు, నాలుగు సిలిండర్లైన రెండు తావులు మాత్రమే ప్రతిసారి పినియన్‌కు ఎదురుపడును. ఏండ్ల తరబడి ఆ తావుల పళ్ళే దెబ్బతినును, తక్కినవి క్రొత్తవానివలె ఉండును. బండిని తోసినప్పుడు మంచి పళ్ళు ఎదుటికి వచ్చుటచే సెల్ఫు పట్టెను. మోటారు ఎంత క్రొత్తదైన నేమి, పట్టుకొనుటకు అవతల పన్ను లేనప్పుడు?

చింతామణిలో మరియొక మెకానిక్కు బ్యాటరీ తీగను ముందు విప్పి, మోటారును దించి, ఆ రంధ్రమునుండి టార్చి వెలుగుతో చూచుచు ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పెను. "హల్లు పోయింది" అనెను. కన్నడమున హల్లనగా పన్ను. వ్యాకరణము చెప్పుకొని బ్రదుకు మాకు ఒక క్షణము ఏ అక్షరము పోయెనో తోచలేదు. మీ ఇంట ఈ మాట వినబడిన తికమకపడకుడు.

రింగు మార్చుటకు ట్రాక్టరును నడుమకు విడదీయవలెను. అది దినముల పని. మొదటి మెకానిక్కు ఆ జోలికి పోకుండుటకు ఇదియు కారణ మేమో. పాత రింగును ఊడదీసి, క్రొత్తదానిని సమముగా వేడిచేసి, వ్యాకోచించియుండగానే ఫ్లైవీలుపై దించుదురు, చల్లారి బిగియును. కమ్మరి ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టా తొడుగు విధానమే ఇది. మితిమీరి ఎర్రగా కాల్చిన మాత్రము పళ్ళ గట్టితనము చెడును.

రింగు త్వరగా అరుగకుండుటకు మనము చేయదగినది కొంత కలదు. ఒకసారి పట్టనిచో చక్రములు పూర్తిగా నిలుచువరకు తాళము మరల త్రిప్పరాదు. ఒక్కొక్కసారి పది సెకండ్లకు మించి త్రిప్పక, నడుమ అరనిమిషము విరామ మీయవలెను. బోల్టులు వదులైన వెంటనే బిగింపవలెను.

ఇది వ్రాయుటకు మమ్ము పురికొల్పిన మాట చివర వచ్చుచున్నది. విత్తు తొందరలో వాని తండ్రి నేలపై నిలిచి, స్క్రూడ్రైవరుతో సోలినాయిడ్ రెండు కొనలను కలిపి బండిని మొదలుపెట్టుచుండెనట. తాళమును, క్లచ్చి కాలిబద్దను దాటి కరెంటు నేరుగా పోవుటచే బండి గేరులో నున్నను ఇంజను మొదలగును. మొదలగుటతోనే కదలును. మనిషి నిలుచు చోటు వెనుకచక్రమునకు ఎదుటనే. ఈ విధముగా ప్రాణములు కోల్పోయినవారు లోకమున ఎందరో కలరు. అందుచేత కొన్ని క్రొత్త ట్రాక్టరులకు సోలినాయిడ్ కొనలపై మూత బిగించి పంపుచున్నారు. మీ ఇంటి బండికి ఆ మూత ఊడియుండిన నేడే వేయించుడు. పిల్లలారా, మీ నాయన స్క్రూడ్రైవరు తీసినప్పుడు చక్రము ప్రక్క మీరు నిలువకుడు, ఆయనను నిలువనీయకుడు.

ఆ బండి రింగు మారినది. బాలుడు బడికి వచ్చుచున్నాడు. శనగ మాత్రము ఆ యేడు ఆలస్యముగనే పడినది.