పచ్చలైటు వెనక వడ్ల లారీల బారు

ఉపగ్రహం ఒక దిక్కున పొడిచి ఇంకో దిక్కున గూకుతుంది. ఈ రెంటి నడుమ షాద్‌నగర్ యాంటెన్నాకు అది చిక్కేది పది, పన్నెండు నిమిషాలు. రిసోర్స్‌శాట్-2నే తీసుకోండి. 817 కిలోమీటర్ల ఎత్తున పోతూ, సెకనుకు 105 మెగాబిట్ల చొప్పున రెండు పాయలుగా డేటాను కిందికి వదులుతుంది. పది నిమిషాలకు లెక్కేస్తే 15 గిగాబైట్ల పైచిలుకు. ఫోన్లో సినిమాలు దాచుకునే కాలంలో ఇదేం పెద్ద లెక్క అనిపిస్తుంది. కానీ సినిమాను మళ్లీ దించుకోవచ్చు. ఆ పూట కోయిల్‌సాగర్‌లో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూపే బొమ్మ జారిపోతే ఆ పూటను మళ్లీ తేలేం.

షాద్‌నగర్ 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోదే. జిల్లాల విభజనలో రంగారెడ్డికి పోయినా, లోక్‌సభ ఎన్నికలొస్తే ఇప్పటికీ పాలమూరు సీటుకే ఓటేస్తుంది. 1974లో ఏర్పడ్డ జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఆ దశాబ్దం చివర్లో ఇక్కడ భూకేంద్రం కట్టి, మొదట అమెరికా వాళ్ల లాండ్‌శాట్ బొమ్మలు పట్టింది. 1988 మార్చి 17న మన ఐఆర్ఎస్-1ఏ ఎగిరాక సొంత బొమ్మలు రావడం మొదలైంది. అప్పట్లో పద్ధతి ఇదీ: పైనుంచి దిగిన డేటాను షాద్‌నగర్‌లో టేపుల మీదికి ఎక్కించేవారు, ఆ టేపులను బండిలో హైదరాబాద్ బాలానగర్‌కు చేర్చేవారు, అక్కడి కంప్యూటర్లు వాటిని బొమ్మలుగా మార్చేవి. అంతరిక్షం నుంచి క్షణంలో దిగిన సమాచారం రోడ్డు మీద గంటల తరబడి నడిచేదన్నమాట.

ఏజెన్సీ 2008లో ఇస్రో కింద జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) అయింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకు పట్టడం, మలచడం, దాచడం, పంచడం అన్నీ షాద్‌నగర్‌లోనే ఒకేచోట జరిగేలా ‘ఇమ్‌జియోస్’ అనే ఏర్పాటు వచ్చింది. దాని నడుమ ఉన్నది స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్, పొట్టిగా ‘శాన్’. వెంటనే కావలసినవి వేగమైన డిస్కుల్లో, కాస్త ఆగగలిగినవి నెమ్మది డిస్కుల్లో, పాతవి టేపుల్లో ఉంటాయి. ఏ కంప్యూటర్‌కు కావలసినా అదే గాదెలోంచి తీసుకుంటుంది. టేపు పట్టుకుని ఎవరూ పరుగెత్తనక్కర్లేదు.

ఇక్కడి నుంచి కథ ఉపగ్రహాలది కాదు, స్విచ్‌లది. షాద్‌నగరే కానీ, బ్యాంకు కానీ, ఆస్పత్రి కానీ, శాన్ ఉన్న ప్రతిచోటా ఒకటే తీరు.

మామూలు కంప్యూటర్‌కు డిస్కు దాని పొట్టలోనే ఉంటుంది. శాన్‌లో డిస్కులన్నీ ఒక గదిలో, కంప్యూటర్లన్నీ ఇంకో వరసలో ఉంటాయి. మధ్యన గాజుతీగల గుండా కాంతి రూపంలో డేటాను అటూ ఇటూ మళ్లించే పెట్టెలే స్విచ్‌లు. ఇవి ఎక్కువగా మాట్లాడే భాష ఫైబర్ ఛానెల్. 1990లలో సెకనుకు ఒక గిగాబిట్‌గా ఉన్న దాని వేగం, ఆ తర్వాత 64 గిగాబిట్ల దాకా పెరిగింది. ఈ అల్లికను ఇంజినీర్లు ‘ఫ్యాబ్రిక్’ అంటారు, అంటే నేత. ఈ స్విచ్‌లు తయారుచేసే కంపెనీల్లో పేరున్నది బ్రొకేడ్. 1995లో పుట్టి 2017లో బ్రాడ్‌కామ్ చేతికి పోయింది. బ్రొకేడ్ అంటే జరీ బట్ట. గద్వాల చీర అంచు నేసేవాళ్లకు ఈ పేరు చెబితే, మీ బట్టలో పడుగేది, పేకేది అని అడుగుతారేమో. అడగదగ్గ ప్రశ్నే. మగ్గం మీద ఒక్క పోగు తెగితే నేతగాడి వేలికి తెలిసిపోతుంది. వందల తీగలున్న ఈ నేతను తడిమి చూసే వేలు ఏది?

ఆ వేలే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. బ్రొకేడ్ స్విచ్‌లకు శాన్‌న్యావ్, సిస్కో వాటికి నెక్సస్ డ్యాష్‌బోర్డ్ లాంటివి. పని తీరు వినడానికి చాలా సాదా. ప్రతి స్విచ్ తన ఒక్కో పోర్టు, అంటే తీగ తగిలే చోటు, గురించి కొన్ని అంకెలు రాసుకుంటూ ఉంటుంది: ఎన్ని ఫ్రేములు (డేటా మూటలు) వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని చెడిపోయి వచ్చాయి, ఎంత వెలుతురు అందింది. సాఫ్ట్‌వేర్ కొన్ని నిమిషాలకోసారి వెళ్లి ‘ఇప్పుడెంత?’ అని అడుగుతుంది. మధ్యలో ఏదైనా కొంప మునిగితే స్విచ్ తనంతట తానే కేక వేస్తుంది. ఈ అడగడానికీ కేకవేయడానికీ 1988లో కుదిరిన ఎస్ఎన్ఎంపీ అనే మర్యాద ఇంకా నడుస్తోంది. దాని తొలి రూపాల్లో రహస్యపదం ‘పబ్లిక్’ అని ఉండేది. తలుపుకు తాళం వేసి చెవి గుమ్మానికే తగిలించినట్టు. దాన్ని మార్చకుండా వదిలేసిన చోట్లు ఇప్పటికీ తక్కువేం కావు.

కరెంటు మీటరులాగే ఈ అంకెలు పెరుగుతూనే పోతాయి. మీటరు మీద ఉన్న అంకె ఒక్కటి చూసి బిల్లు వేయలేం, పోయిన నెల అంకె తీసేయాలి. ఒక పోర్టులో చెడ్డ ఫ్రేములు 40,000 ఉన్నాయంటే కంగారు పడనక్కర్లేదు, అవి మూడేళ్ల కిందటి తీగ మార్పిడి నాటివి కావచ్చు. పక్క పోర్టులో 12 మాత్రమే ఉండి, ఆ పన్నెండూ నిన్న రాత్రి నుంచే వచ్చి ఉంటే లేచి చూడాలి. తేడాను గుర్తుపెట్టుకోవడమే సాఫ్ట్‌వేర్ చేసే మొదటి మేలు. మనిషి స్విచ్ ముందు నిలబడి చూస్తే కనిపించేది పచ్చలైటు ఒక్కటే. తీగ తగిలి ఉంది, అవతల ఎవరో ఉన్నారు అని మాత్రమే దాని అర్థం.

వెలుతురు సంగతి త్వరగా చెప్పేస్తాను. గాజుతీగలో కాంతి పోయే నడిమి దారి దూరాలకు వాడే రకంలో 9 మైక్రాన్లు, గదిలో వాడే రకంలో సాధారణంగా 50. మన తలవెంట్రుక ఈ రెంటికన్నా లావు. మన ఎర్రనేల దుమ్ము రేణువొకటి తీగ మొన మీద కూర్చుంటే చాలు, దారి సగం మూసుకుపోతుంది. అందే వెలుతురు మూడు డెసిబెల్స్ పడితే సగమైనట్టు, పది పడితే పదోవంతుకు వచ్చినట్టు. చాలాసార్లు ఇది ఒక్కరోజులో పడదు, వారాల మీద జారుతుంది. ఆ జారుడును గీతగా గీసి చూపించేది సాఫ్ట్‌వేర్. మొన తుడిస్తే సరిపోయే జబ్బుకు స్విచ్ మార్చిన సందర్భాలు ఈ వృత్తిలో కథలుగా చెప్పుకుంటారు.

అసలు తలనొప్పి వేరే ఉంది. దాన్ని చెప్పడానికి మిర్యాలగూడ పోవాలి.

కోతల కాలంలో మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు, లారీలు బారులు తీరడం నల్లగొండ జిల్లాలో అందరూ చూసిందే. రద్దీ తట్టుకోలేక రైతులకు టోకెన్లు ఇచ్చిన సీజన్లూ ఉన్నాయి. ఫైబర్ ఛానెల్ సరిగ్గా టోకెన్ల మీదే నడుస్తుంది. అవతలి పోర్టు తన ఆవరణలో ఎన్ని ఫ్రేములకు చోటుందో అన్ని టోకెన్లు ముందే ఇస్తుంది. ఇవతలిది ఒక ఫ్రేము పంపినప్పుడల్లా ఒకటి ఖర్చవుతుంది. అవతల బస్తాలు దిగి చోటు ఖాళీ అయితే టోకెన్ తిరిగొస్తుంది. చేతిలో టోకెన్ లేకపోతే బండి కదలదు. అందుకే ఇక్కడ గింజ ఒలకదు. ఈథర్‌నెట్‌లో అయితే చోటు లేనప్పుడు ఫ్రేమును పారబోసి, తర్వాత మళ్లీ పంపించుకోవడమే ఆనవాయితీ. డిస్కు రాతలకు ఆ అలవాటు పనికిరాదనే ఈ టోకెన్ల కట్టడి పెట్టారు.

ఇప్పుడు ఒక మిల్లులో హమాలీలు తక్కువయ్యారనుకోండి. మిల్లు మూతపడలేదు, దించుతూనే ఉంది, కాకపోతే నెమ్మదిగా. దాని ముందు లారీలు ఆగుతాయి. వరస పెరిగి రోడ్డెక్కుతుంది, నార్కట్‌పల్లి–అద్దంకి దారి దాకా పాకుతుంది. ఆ వరసలోనే ఇంకో మిల్లుకు పోవాల్సిన లారీ ఇరుక్కుంటుంది. ఆ మిల్లు ఆవరణ ఖాళీ, హమాలీలు బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. ఫోన్ చేసి గోల పెట్టేది ఎవరు? ఖాళీగా ఉన్న మిల్లువాడు. ‘మా బండ్లు రావట్లేదు, రోడ్డు బాగాలేదు’ అంటాడు. నెమ్మది మిల్లువాడు నోరు మెదపడు, అతనికి ఏ లోటూ లేదు.

శాన్‌లో ఈ జబ్బును ‘స్లో డ్రెయిన్’ అంటారు. పాత సర్వరొకటి తను మింగగలిగిన దానికన్నా ఎక్కువ అడుగుతుంది. 32 గిగాబిట్ల నిల్వపెట్టె గబగబా పంపుతుంది, 8 గిగాబిట్ల సర్వరు గుక్క తిప్పుకోలేక టోకెన్లు ఆలస్యంగా తిరిగిస్తుంది. ఆ వెనుకబాటు స్విచ్ నుంచి స్విచ్‌కు వెనక్కి పాకి, ఎక్కడో సంబంధంలేని డేటాబేస్ నత్తనడక పడుతుంది. పచ్చలైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి. చెడిన ఫ్రేము ఒక్కటీ ఉండదు. తమాషా ఏమిటంటే రద్దీ చూపే గ్రాఫు కూడా కిందికే దిగి ఉంటుంది, బండ్లు కదలడం లేదు కాబట్టి. దాన్ని చూసి ‘మా నెట్‌వర్క్ మీద లోడే లేదు, తప్పు మీ డేటాబేస్‌దే’ అని తేల్చేస్తే సగం రోజు వాదనల్లో పోతుంది.

పట్టించే అంకె వేరే ఉంది. పంపడానికి ఫ్రేము సిద్ధంగా ఉండి, చేతిలో టోకెన్ లేక ఎంతసేపు నిలబడ్డాం అన్నది. బ్రొకేడ్ స్విచ్‌లు దీన్ని సెకనులో పదిలక్షో వంతులు రెండున్నర చొప్పున లెక్కిస్తాయి. అంత సన్నని నిరీక్షణను మనిషి చూడలేడు. సాఫ్ట్‌వేర్ అన్ని స్విచ్‌ల నుంచీ ఆ అంకెలు తెచ్చి, ఒకే గడియారం మీద పక్కపక్కన పెడుతుంది. రెండు స్విచ్‌ల మధ్య తీగ మీద నిరీక్షణ కనబడితే అది బాధితుడి చోటు. అక్కడ నుంచి ఒక్కో అడుగూ ముందుకు నడిస్తే, చివరికి ఒక సర్వరు తగిలిన పోర్టు దగ్గర ఆగుతాం. దొంగ అక్కడ. కొత్త స్విచ్‌లు ఇంకో మెట్టెక్కి, ఆ సర్వరుకు పోయే ఫ్రేములను పక్క వరసలోకి తప్పించి మిగతావాళ్లకు దారి ఇస్తాయి. అలా చేయకపోతే సుమారు అర సెకను ఆగిన ఫ్రేమును స్విచ్ పారేస్తుంది. పోయిన దానికోసం లినక్స్ సర్వరు మామూలుగా 30 సెకన్లు ఎదురుచూసి గానీ మళ్లీ అడగదు. ఉపగ్రహం ఉండేదే పది నిమిషాలని గుర్తుపెట్టుకుంటే ఆ 30 బరువెంతో అర్థమవుతుంది.

దోషి లేకుండానూ ఈ జబ్బు వస్తుంది, దూరం వల్ల. గాజులో కాంతి కిలోమీటరుకు సెకనులో పదిలక్షో వంతులు ఐదు తీసుకుంటుంది. 8 గిగాబిట్ల వేగంలో నిండు ఫ్రేము ఒకటి తీగ మీద అర కిలోమీటరు పొడవున పరుచుకుంటుంది. పది కిలోమీటర్ల అవతలికి ఫ్రేము పోయి టోకెన్ తిరిగొచ్చేలోగా తీగ ఖాళీగా ఉండకూడదంటే చేతిలో 40 టోకెన్లు ఉండాలి. ఎనిమిదే ఇచ్చి కూర్చుంటే, ఖరీదు పెట్టి కొన్న వేగంలో అయిదో వంతే దక్కుతుంది. ఏ పరికరమూ చెడలేదు. తీగ వేసిన రోజు ఎవరూ గుణించుకోలేదు, అంతే.

ఇంతా చెప్పి, సాఫ్ట్‌వేర్ కొని పెట్టగానే అయిపోదు. పెట్టె విప్పగానే వచ్చే హద్దులతోనే వదిలేస్తే రోజుకు వందల హెచ్చరికలు వస్తాయి. వారం తిరిగేసరికి వాటిని ఎవరూ చదవరు, అసలుది కూడా ఆ గుట్టలో పోతుంది. నా మటుకు నాకు, మొదటి నెల ఒక్క హెచ్చరికా పెట్టకుండా ఊరికే చూస్తూ కూర్చోవడం మంచిదనిపిస్తుంది. ఏ పోర్టు ఏ వేళ ఎంత ఊపిరి తీసుకుంటుందో తెలిశాకే హద్దులు గీయాలి. పేర్లూ అప్పుడే పెట్టాలి. ప్రతి పరికరానికీ పుట్టుకతో వచ్చే పదహారు అక్షరాల గుర్తును రాత్రి రెండింటికి నిద్రకళ్లతో పోల్చడం ఎవరివల్లా కాదు.

బ్యాంకు శాన్‌కు నెలాఖరు రద్దీ. భూకేంద్రానికి మాత్రం పంచాంగం ఆకాశంలో ఉంటుంది. రిసోర్స్‌శాట్ వరస ఉపగ్రహాలు భూమధ్యరేఖను స్థానిక సమయం ఉదయం పదిన్నరకు దాటేలా కక్ష్య కుదిర్చారు. అలాంటి చోట పొద్దుటి పూట గ్రాఫు మూపురంలా లేవడం ఆరోగ్యం, లేవకపోతేనే భయం. ఆ వేళలు తెలియని సాఫ్ట్‌వేర్ రోజూ పొద్దున లేనిపోని కేకలు వేస్తుంది. 2025 జూలై 30న నాసా, ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ ఎగిరింది. దాని డేటా నుంచి రోజుకు తయారయ్యేవి సుమారు 80 టెరాబైట్లని నాసా లెక్క. దాన్ని దించుకునే మన కేంద్రాల్లో షాద్‌నగర్ ఒకటి. నైసార్ భూమధ్యరేఖను దాటేది ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి. పదిన్నర మూపురానికి అలవాటుపడ్డ హద్దులను ఇక కోడి కూసే వేళకు, దీపాలు పెట్టే వేళకు మళ్లీ గీసుకోవాలి.