గూటిలోని మట్టిబొమ్మ

నల్లమల అడవి అంచున, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలో లింగాల కలదు. 2016లో క్రొత్త జిల్లాలు ఏర్పడుటకు పూర్వము అది మహబూబ్‌నగరు జిల్లాలోని ఊరు. చైత్ర పూర్ణిమకు సలేశ్వరము జాతరకు నడచిపోవు యాత్రికులలో పలువురికి లింగాల దారియే దారి. ఈ సీమలోని పాత మట్టిమిద్దెలను చూచినవారికి గోడలలోని గూళ్ళు జ్ఞాపకముండును. మూరెడు మందము గోడలో జానెడు లోతున తీర్చిన గూడు. దీపము పెట్టునది దిగూడు. తక్కినవానిలో పసుపు భరిణె, పంచాంగము, పిల్లవాని పలక, వానితోపాటు ఎప్పుడో జాతరలో కొన్న మట్టిగుర్రమో, కొమ్ము విరిగిన నందియో నిలిచియుండుట కద్దు. దానిని ఆ యింటివారు అలంకారమని అనుకొనరు. అక్కడనుండి తీసినచో మాత్రము గూడు బోసిపోయినట్లు అందరికిని తోచును.

నేడు పట్టణములలో పాత మట్టిశిల్పములతోను, పింగాణి ప్రతిమలతోను ముందుగదిని తీర్చుకొనుట ఒక ముచ్చట అయినది. ముచ్చట మంచిదే. ప్లాస్టిక్ పూలగుత్తులు నిండిన గదిలో మనిషి వ్రేలు నొక్కిన గుర్తు గల వస్తువు ఒక్కటి ఉన్నను ఆ గదికి జీవకళ వచ్చును. కాని ఏ బొమ్మ ఇంటికి రావచ్చును, ఏది రారాదు అను ప్రశ్న ఒకటి ఉన్నది. బొమ్మ అందమును బట్టి దీనికి సమాధానము దొరకదు. అది వచ్చిన దారిని బట్టి దొరకును.

ఇంటిని ఇట్టి వస్తువులతో నింపుకొన్నవారిలో మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖానును మించినవారు తెలుగుదేశమున మరియొకరు లేరేమో. 1889లో జన్మించి 1949లో మరణించిన ఆయన సేకరణలతో 1951 డిసెంబరు 16న హైదరాబాదులోని దివాన్ దేవిడీ యందే మ్యూజియము వెలసినది. 1968లో అది మూసీ తీరముననున్న నేటి భవనమునకు తరలినది. అందు చీనా పింగాణితోపాటు ఐరోపా పింగాణియు విస్తారముగా కలదు. ఐరోపావారు చిరకాలము పింగాణిని చీనానుండి కొని తెచ్చుకొనుటయేగాని చేయుట ఎరుగరు. డ్రెస్డెను నగరమునకు చేరువనున్న మైసెనులో 1710లో కర్మాగారము నెలకొనుటకు కొంచెము ముందు మాత్రమే వారికి ఆ రహస్యము చేజిక్కినది. అచ్చటి ప్రతిమల పుట్టుక వినోదమైనది. అంతకుముందు ప్రభువుల విందుబల్లలపై చక్కెరతో చేసిన బొమ్మలను నిలుపుచుండెడివారు. పింగాణి బొమ్మలు వచ్చి వాని స్థానము నాక్రమించినవి. మన పెళ్ళిళ్ళలోని చక్కెరచిలుకలను తలచుకొన్నవారికి ఈ సంగతి వింతగా తోచదు.

ఇట్టి ప్రతిమ మొదటినుండి ఇంటి అలంకారమునకై పుట్టినది. చేసిన కర్మాగారపు ముద్ర దాని అడుగున ఉండును. అమ్మినవాడు, కొన్నవాడు ఉందురు. తాతగారి నాటి పింగాణి బొమ్మను మనుమడు అద్దాల బీరువాలో నిలుపుకొన్నచో ఎవరికిని నష్టము లేదు. మట్టిబొమ్మ చరిత్ర అంత తేలికైనది కాదు.

సంగారెడ్డికి చేరువనున్న కొండాపురము కథ వినదగినది. గులాం యజ్దానీ డైరెక్టరుగా ఉన్న కాలమున, నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖవారు 1940–42 సంవత్సరములలో అచ్చటి మట్టిదిబ్బను త్రవ్వించిరి. శాతవాహనుల నాటి పట్టణ మొకటి బయటపడినది. ఇటుక కట్టడములు, నాణెములు, పూసలు దొరకినవి. వానితో మనుష్యుల, జంతువుల మట్టిప్రతిమలును దొరకినవి. ఆ స్త్రీపురుషుల తలకట్లలోని సొగసు నేటి కన్నులను కూడ నిలుపును. వీనిలో మేలైనవి కేయోలిన్ అను తెల్లమట్టితో చేసినవి. చీనావారి పింగాణికి మూలమైనది ఈ జాతి మట్టియే! మన శిల్పికి మట్టి దొరకినది గాని అంతటి వేడి దొరకలేదు. పింగాణికి సుమారు 1300 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. అప్పుడు మట్టి కరగి గాజువలె బిగిసి నీటిని పీల్చుట మానును. సాధారణపు ఆవములో కుండ కాలుటకు 600 మొదలు 900 డిగ్రీలు చాలును. అందుచేతనే మట్టికూజ చెమర్చి నీటిని చల్లబరచును. పింగాణి కూజ ఆ పని చేయలేదు.

కొండాపురపు శిల్పి పనితనము చూడుడు. ముందుభాగమునకు ఒక అచ్చు, వెనుకభాగమునకు ఒక అచ్చు. రెంటిలోను మట్టిని పలుచగా అదిమి, అంచులు కలిపి అతికినచో లోపల డొల్లగానున్న ప్రతిమ వచ్చును. డొల్ల యెందుకు? మందమైన మట్టిలో తడి పూర్తిగ ఆరదు. ఆవములో ఆ తడి ఆవిరియై దారి లేక బొమ్మను బ్రద్దలు కొట్టును. ఇక రంగు సంగతి. మామూలు మట్టిలో ఇనుముండును. కాలునప్పుడు గాలి బాగుగ సోకినచో అది ఎరుపెక్కును. గాలి నాపి పొగ పట్టించినచో నల్లబారును. బడిలో విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు ఒక పూట పిల్లలను కుమ్మరి వాకిటికి తీసికొనిపోయినచో ఈ పాఠమునకు వేరు సామగ్రి అక్కరలేదు.

అట్టి ప్రతిమ ఒకటి దుక్కిలో నాగటికి తగిలినదనుకొందము. తుడిచి ఇంటికి తెచ్చి గూటిలో పెట్టినచో గూటికి అందమే. కాని అది ఏ పొరలో ఉన్నది, దాని ప్రక్కన నాణెమున్నదా, పూస యున్నదా, బూడిద యున్నదా అను సాక్ష్యము ఆ క్షణమున చెరిగిపోవును. ప్రక్కనున్న నాణెమే బొమ్మ వయస్సు చెప్పునది. పెకలించి తెచ్చిన బొమ్మ, చిరునామా చినిగిన ఉత్తరము వంటిది. తెలియక తెచ్చిన రైతును తప్పుపట్టుటకు లేదు. తెలిసి కొని, దాచి, గొప్పగా చూపించువాని విషయము వేరు. చూచినవెంటనే త్రవ్వకము ఆపి తహసీల్దారుకో, పురావస్తు శాఖవారికో కబురు చేయుట సరియైన పని.

చట్టమును కూడ ఇంటివారు ఎరిగియుండవలెను. పార్లమెంటు 1972లో చేసిన పురావస్తువుల, కళాఖండముల చట్టము 1976 ఏప్రిల్ 5 నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారము నూరేండ్లకు తక్కువ కాని శిల్పము పురావస్తువు. కాల్చిన మట్టిశిల్పము అట్టిదైనచో ఇంట ఉంచుకొనువారు రిజిస్టరు చేయించవలెను. అమ్మువారికి లైసెన్సు ఉండవలెను. విదేశమందున్న బంధువునకు కానుకగా పంపుటకు వీలులేదు.

ఇన్ని నిబంధనలున్నను అంగళ్ళలో ‘వేయేండ్ల బొమ్మలు’ కనబడుచునే యుండును. వానిలో అసలైనవి కొన్నచో నేరమునకు చేయూత. నకిలీవి కొన్నచో మోసపోవుట. టీ డికాషను పూసి, కొన్నాళ్ళు మట్టిలో పాతి ముసలితనము తెప్పించు నేర్పరులు లోకమున లేకపోలేదు. వారి ఆట కట్టు పరీక్ష ఒకటి ఉన్నది. మట్టిలోని స్ఫటికపు రేణువులు, తమ చుట్టునున్న సూక్ష్మ కిరణముల శక్తిని యేటేట కూడబెట్టుకొనును. ఆవములో కాలినప్పుడు పాత నిలువ అంతయు పోవును, తిరిగి లెక్క మొదలగును. నేడు ఆ రేణువులను వేడిచేసినచో కూడిన శక్తి సన్నని వెలుగై వెలువడును. ఆ వెలుగును కొలిచి బొమ్మ ఎప్పుడు కాలినదో అంచనా కట్టుదురు. మట్టి అబద్ధమాడదు గాని, దానిని అడుగుట తెలియవలెను.

మరి ఇంటి గూటికి ఏమి కావలెను? గద్వాల నడిగడ్డలో, కృష్ణా తుంగభద్రల నడుమ, జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు మట్టియెద్దులను పూజించు ఆచారము నేటికిని కలదు. మూపురము, గంగడోలు, ముందుకు చాచిన మూతి: నాలుగు వ్రేళ్ళతో తీర్చిన ఆ యెద్దును చూచినచో సేద్యము ఎరిగిన చేయి అని చెప్పనక్కరలేదు. పచ్చిమట్టిది గనుక తడి తగిలిన చెడును. అట్టిదానినే కుమ్మరిచేత కాల్పించి తెచ్చుకొన్నచో మనుమల నాటికి అదే పాత బొమ్మ. ప్లాస్టిక్ బిందెలు, ప్లాస్టర్ బొమ్మలు వచ్చి కుమ్మరి సారెకు పని తగ్గిన ఈ దినములలో, అంగడివాని నకిలీ ప్రాచీనతకు పెట్టు సొమ్ములో కొంత ఆ వాకిటికి పోయినచో సారె మరి కొన్నాళ్ళు తిరుగును.

తెచ్చిన బొమ్మను నిలుపుటలో నాలుగు జాగ్రత్తలు కలవు. చెమ్మ గోడకు ఆనించరాదు. చెమ్మతో వచ్చిన ఉప్పు పైకి పూచి మట్టిని పొరలు పొరలుగా ఊడ్చును. తడిగుడ్డతో తుడువరాదు, మెత్తని కుంచెతో దుమ్ము దులుపుట చాలును. మెడ పట్టి ఎత్తరాదు. ఒక చేయి అడుగున ఉండవలెను. విరిగినచో సిమెంటు పూయరాదు. ముక్కలను కాగితములో పొట్లము కట్టి దాచవలెను. ఒక గూటిలో ఒకటే బొమ్మ అందము. పది నింపినచో అది అంగడి.

ఇంకొక పని పిల్లలకు అప్పగింపదగినది. తపాలాబిళ్ళంత చీటీ మీద చేసిన కుమ్మరి పేరు, ఊరు, తెచ్చిన తేదీ వ్రాసి బొమ్మ అడుగున అతికింపవలెను. కొండాపురపు శిల్పి పేరు ఎవరికిని తెలియదు. ఈ యెద్దును చేసినవాని పేరు ఆ యింటి పిల్లవాని చేతివ్రాతలో ఉండును.